కుంటే బర్రె – పదిమంది సలహాలు
గిట్టలో చీము పట్టినప్పుడు ఎవరి మాట వినాలి?



పాడి పశువుకు జ్వరం వస్తే ఇంటివాళ్ళకే తెలుస్తుంది. పొదుగు వాస్తే పాలు పితికే చేతికి తెలుస్తుంది. కాని పశువు కుంటితే ఊరందరికీ తెలుస్తుంది. బాటన పోయేవాళ్ళు కూడా ఆగి చూస్తారు, చూసినవాళ్ళు ఊరకనే పోక ఒక్కొక్క సలహా చెప్పిపోతారు. అందరూ మంచి కోరి చెప్పేవాళ్ళే. అయితే ఒకరు చెప్పినది ఇంకొకరు చెప్పినదానికి పొసగదు. మధ్యన నలిగేది పశువు, నష్టపోయేది రైతు.

నేను పశువైద్యుణ్ణి కాను. సహకార డిప్లొమా చదివి, సంఘాల లెక్కలు, తీర్మానాల పుస్తకాలు తనిఖీ చేస్తూ ఈ ఉద్యోగంలో వెంట్రుకలు నెరిసినవాణ్ణి. కనుక ఈ వ్యాసం వైద్యం నేర్పడానికి రాయడం లేదు. ఒకరికొకరు పడని సలహాలు వచ్చినప్పుడు వాటిని ఎట్లా తూచుకోవాలో, ఏది ఎప్పుడు సరైనదో నేను పశువైద్యులను అడిగి తెలుసుకున్నంత వరకు సభ్యుల ముందు ఉంచుతున్నాను. ఇందులో నేను చేసిన ఒక తప్పు కూడా ఉన్నది. దానిని దాచలేదు.

ఆత్మకూరు దగ్గర జరిగిన సంగతి

వనపర్తి జిల్లా ఆత్మకూరు ప్రాంతం మీకు తెలిసినదే. ఒకప్పటి అమరచింత సంస్థానానికి ముఖ్యపట్టణం. కృష్ణమీద జూరాల ప్రాజెక్టు కట్టి, ఎడమ కాలువ పారిన తరువాత ఈ వైపు వరి పెరిగింది. ఒకవైపు గరుసు చెల్కలు, సర్కారు తుమ్మ ముళ్ళు, మరొకవైపు కాలువ గట్ల బురద. బర్రె ఉదయం బురదలో నిలబడితే గిట్ట మెత్తబడుతుంది. అదే గిట్టతో సాయంత్రం రాళ్ళ బాటన ఇంటికి వస్తుంది. మెత్తబడిన గిట్టలో ముల్లు దిగడం ఎంతసేపు?

శ్రావణమాసంలో ఒక సంఘం తనిఖీకి వెళ్ళినప్పుడు ఒక సభ్యురాలు పాలు పోయడానికి వచ్చి క్యాను దగ్గర నిలబడిపోయింది. రోజుకు 8 లీటర్లు పోసే ఆమె పాసు పుస్తకంలో ఆ రోజు అంకె 3 లీటర్లు. ఏమైందమ్మా అని అడిగితే కండ్ల నీళ్ళు పెట్టుకున్నది.

"సారూ, ఎవరు జెప్పింది ఇనాలె? ఒకరు నానబెట్టుమంటరు, ఒకరు తడి తగలనియ్యొద్దంటరు. కోయించుమని ఒకరు, కోస్తే కాలే పోతదని ఒకరు. అందరు జెప్పింది జేసిన. నా బర్రె మాత్రం కాలు కింద పెడ్తలేదు."

ఆ బర్రెను సంఘం పూచీమీద బ్యాంకు అప్పుతో కొన్నది. నెల కంతు పాల బిల్లులోనే కోత పడుతుంది. 8 లీటర్లు 3 అయితే కోత పోను ఇంటికి మిగిలేది దాణాకే చాలదు.

వరుసగా ఏమి జరిగిందో అడిగి రాసుకున్నాను. మొదటి రోజు సాయంత్రం కాలువ గట్టు నుంచి వస్తూ వెనుక కుడికాలు కుంటింది. రెండో రోజు, వెనుకటి రోజుల్లో స్టేషను బాటన జట్కా నడిపిన ఒక పెద్దమనిషి వచ్చి, గుర్రానికి ఇట్లే అయ్యేదని చెప్పి, వేడి ఉప్పునీళ్ళలో కాలు నానబెట్టించి, తవుడు ఉడికించి గోనెపట్టతో గిట్టకు కట్టించాడు. మూడో రోజు మందుల దుకాణం అతడు ఇంజక్షన్లు ఇచ్చాడు. మూడు రోజులు పొడిపించారు. ఆరో రోజు ఇరుగుపొరుగువారు కీలు దగ్గర నల్లజీడితో వాతలు పెట్టించారు. ఏడో రోజు పట్నం నుంచి అల్లుడు వచ్చి ఫోనులో ఎవరో గిట్ట కోసే వీడియో చూపి, కొడవలి మొనతో అడుగున గెలికాడు. నెత్తురు వచ్చింది గాని చీము రాలేదు. గోపాలమిత్ర మాత్రం మొదటినుంచీ డాక్టరుకు చూపించండి అంటూనే ఉన్నాడు. ఆ మాటకు రుచి లేదు కనుక ఎవరికీ పట్టలేదు.

తొమ్మిదో రోజున నేను వెళ్ళాను. ఇంత విన్న తరువాత నేనేమి చేసినట్లు? "వేడినీళ్ళ కాపడం పెట్టమ్మా, తగ్గుతుంది" అని చెప్పి జీపెక్కాను. అంటే పది సలహాలకు పదకొండోది నాది. కాలు ఎత్తి చూడలేదు, ఏ రోగమో అడగలేదు, డాక్టరుకు ఫోను చేయించలేదు. ఆ రాత్రి నాకే సిగ్గనిపించి, మరునాడు సంఘం కార్యదర్శితో చెప్పి పశువైద్యశాలకు కబురు పంపించాను. పదకొండో రోజున డాక్టరు వచ్చాడు.

గిట్టలో ఏమి జరుగుతుంది?

డాక్టరు పనిచేస్తూ చెప్పినది ఇది. పశువు గిట్ట ఒక గట్టి పెట్టె వంటిది. పైన కొమ్ము వంటి పెచ్చు, లోపల నెత్తురు, నరాలు ఉన్న సజీవమైన పొర, దాని లోపల ఎముక. ముల్లు, మేకు, సూదిరాయి దిగినా, గిట్ట గోడకూ అడుగుకూ మధ్యనుండే తెల్లని గీత విడిపోయినా, ఆ సందులోనుంచి బురద, పేడ, వాటితోపాటు సూక్ష్మక్రిములు లోపలికి పోతాయి. అక్కడ చీము పడుతుంది.

ఒంటిమీద గడ్డ అయితే చర్మం సాగుతుంది, ఉబ్బుతుంది. గిట్ట సాగదు. చీము పెరిగేకొద్దీ లోపల ఒత్తిడి పెరుగుతుంది. గోరు కింద ముల్లు విరిగి చీము పట్టినప్పుడు మనకు రాత్రంతా నిద్ర పట్టదు కదా? ఆ నొప్పి మీద అయిదు క్వింటాళ్ళ బరువు మోపితే ఎట్లుంటుందో ఊహించండి. అందుకే నిన్నటిదాకా బాగున్న పశువు ఈ రోజు కాలు నేల మోపదు. నొప్పికి మేత తగ్గుతుంది, లేచి నిలబడదు, నీళ్ళ తొట్టి దాకా నడవదు. పాలు తగ్గడానికి కారణం ఇదే.

బయటికి దారి లేని చీము మెత్తని దిక్కు వెతుక్కుంటుంది. మడమ దగ్గరనో, వెంట్రుకలు మొదలయ్యే గిట్ట పై అంచు దగ్గరనో పగులుతుంది. అట్లా పగిలితే కొంత అదృష్టమే. లోపలికి పోయి కీలుకు, నరానికి, ఎముకకు తగిలితే గిట్టపైన ఒక పక్క బాగా వాచి, వైద్యం నెలల మీదికి పోతుంది. ఒక్కోసారి ఆ గిట్టను తీసివేయవలసి వస్తుంది కూడా. కనుక ఇది రోజులు లెక్కపెడుతూ కూర్చోదగిన జబ్బు కాదు.

ముందు తేల్చుకోవలసినది: ఇది ఏ కుంటు?

పది సలహాల్లో తొమ్మిది ఎందుకు పొసగలేదంటే, ఒక్కొక్కరు ఒక్కొక్క రోగాన్ని మనసులో పెట్టుకుని చెప్పారు. కుంటడం రోగం కాదు, గుర్తు మాత్రమే. దాని వెనుక కనీసం నాలుగు సంగతులు ఉండవచ్చును.

1. గిట్ట అడుగున చీము: సాధారణంగా ఒక్క కాలే. ఎక్కువగా వెనుక కాలు, అందులోనూ వెలుపలి గిట్ట. అకస్మాత్తుగా వస్తుంది. గిట్ట వేడిగా ఉంటుంది. పైకి వాపు లేకపోవచ్చును. అడుగు కడిగి చూస్తే నల్లని చుక్కనో గీతనో కనిపించవచ్చును. డాక్టరు పట్టకారుతో నొక్కితే ఒక్కచోట పశువు కాలు గుంజుకుంటుంది.

2. గిట్టకుళ్ళు: రెండు గిట్టల సందులో చర్మం పగిలి, చెడు వాసన వేస్తుంది. గిట్టలపైన రెండు పక్కలా సమంగా వాపు ఉంటుంది. జ్వరం రావచ్చును. ఫ్యూజోబాక్టీరియం అనే క్రిమి దీనికి ముఖ్యకారణం. బురదలో నిలబడే పశువులకు ఎక్కువ.

3. గాలికుంటు: నోటిలో పుండ్లు, చొంగ కారడం, జ్వరం, ఒకటికంటె ఎక్కువ కాళ్ళలో పుండ్లు, ఒకదాని వెంట ఒకటిగా ఇతర పశువులకు రావడం. ఇది కనిపిస్తే పశువును మందలోకి, చెరువుకు, సంతకు తోలరాదు. వెంటనే పశువైద్యశాలకు తెలియజేయాలి. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద దీనికి టీకాలు ఉచితంగా వేస్తున్నారు. ఆ టీకా దినాన పశువును మేతకు తోలకుండా ఇంటి దగ్గర ఉంచండి.

4. జబ్బవాపు: ముఖ్యంగా వయసులో ఉన్న పడ్డలకు, దూడలకు వానాకాలంలో వస్తుంది. తొడనో జబ్బనో వాచి, నొక్కితే చిటచిటమంటుంది. తీవ్రమైన జ్వరం. ఇది గంటల మీద ప్రాణం తీసే రోగం. కాపడాలు, కట్లు అంటూ ఒక పూట కూడా ఆలస్యం చేయరాదు.

కాలు ఎత్తి కడిగి చూడకుండా ఈ నాలుగింటినీ వేరు చేయలేము. చూడకుండా చెప్పిన సలహా, చిరునామా లేని ఉత్తరం వంటిది. అయితే బర్రె వెనుక కాలు ఒక్కరే ఎత్తబోయి తన్ను తినవద్దు. పశువైద్యశాలల్లో ట్రెవిస్ అనే ఇనుప పైపుల చట్రం ఉంటుంది. అందులో నిలబెట్టి తాడుతో కాలు ఎత్తడం మనిషికీ పశువుకూ క్షేమం.

పొసగని సలహాలు – ఏది ఎప్పుడు?

ఇక ఆ సభ్యురాలికి వచ్చిన సలహాలను ఒక్కొక్కటిగా చూద్దాం. వీటిలో శుద్ధ తప్పులు కొన్నే. మిగిలినవి సరైన మాటలే గాని, సరైన చోట పడలేదు.

ఇంజక్షనా, కోతా? గిట్టకుళ్ళుకు మొదటి రోజుల్లోనే తగిన యాంటీబయాటిక్ ఇస్తే బాగా పనిచేస్తుంది. గిట్ట అడుగున చీము గూడు కట్టినప్పుడు మందు నెత్తురు వెంట పోయి ఆ గూటి లోపలికి సరిగా చేరదు. అక్కడ చీముకు దారి ఇవ్వడమే మొదటి వైద్యం. వాపు కీలు దాకా ఎక్కినప్పుడు, జ్వరం ఉన్నప్పుడు డాక్టరు రెండూ చేస్తాడు. కాబట్టి ఇంజక్షను వేయాలన్నవాడూ, కోయాలన్నవాడూ ఇద్దరూ తమ తమ రోగానికి సరిగానే చెప్పారు. ఆమె బర్రెకు ఉన్నది రెండోది. మూడు రోజుల ఇంజక్షన్లు గూటి బయటనే ఆగిపోయాయి.

నానబెట్టడమా, పొడిగా ఉంచడమా? చీము దారి తెరవకముందు ఎప్సం ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్ళలో పదిహేను ఇరవై నిమిషాలు ఉంచితే పెచ్చు మెత్తబడి, లోపలి చోటు దొరకడానికి కొంత సాయపడుతుంది. చీము పోయిన తరువాత కావలసినది శుభ్రత, పొడి నేల. రోజుల తరబడి నానబెడితే బాగున్న గిట్ట కూడా చెడుతుంది. అంటే ఇవి రెండూ ఒకే జబ్బుకు రెండు దశలు.

కట్టు కట్టడమా, తెరచి ఉంచడమా? ఇక్కడ జట్కా పెద్దమనిషి అనుభవాన్ని తీసివేయలేము. గుర్రానిది ఒంటి గిట్ట. అడుగున రంధ్రం చేస్తే దాని మీదనే నిలబడాలి. కనుక రంధ్రం చిన్నదిగా చేసి, గట్టిపడేదాకా కట్టుతో కాపాడుతారు, కట్టు మారుస్తూ ఉంటారు. పైగా గుర్రాలకు ధనుర్వాతం చాలా తొందరగా పట్టుకుంటుంది. కాబట్టి గిట్టలో మేకు దిగిన గుర్రానికి ఆ టీకా సంగతి డాక్టరు తప్పక అడుగుతాడు. ఇప్పటికీ పెళ్ళి ఊరేగింపులకు తట్టువలను పెంచేవారు ఇది గుర్తుంచుకోవాలి. లాడం మేకు కొంచెం లోపలికి తగిలినా ఇదే ప్రమాదం.

బర్రెకు, ఆవుకు, ఎద్దుకు కాలికి రెండు గిట్టలు. ఒకటి చెడితే రెండోదాని మీద నిలబడగలదు. అందుకే పశువుల డాక్టర్లు బాగున్న గిట్ట కింద ఒక చెక్క దిమ్మెను అంటిస్తారు. చెడిన గిట్ట నేలకు తగలకుండా గాలిలో ఉంటుంది. నొప్పి ఆ పూటనే తగ్గుతుంది. దిమ్మె కొన్ని వారాలు ఉంచి తీసివేస్తారు. ఇట్లా చేసినచోట నెత్తురు ఆగడానికి ఒకటి రెండు రోజులు తప్ప కట్టు అంతగా అవసరం లేదు. పేడలో తడిసిన గోనెకట్టు క్రిములకు ఇల్లు కట్టి ఇచ్చినట్లే. ఆమె బర్రెకు కట్టు మూడు రోజులు మార్చలేదు. పెద్దమనిషి చెప్పినది గుర్రానికి నిజమే. బర్రెకు సరిపోలేదు.

పెద్ద కోతా, చిన్న రంధ్రమా? పశువులో చీము వల్ల విడిపోయి కింద ఆధారం లేని పెచ్చునంతా పలుచగా చెక్కి తీసివేయాలి. కాని లోపలి ఎర్రని సజీవ పొరను ముట్టరాదు. నెత్తురు కనపడితే ఆగాలి. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి అన్నది చేతికి అలవాటైనవాడు చేయవలసిన పని. కొడవలి మొనతో, ఫోను చూస్తూ చేసేది కాదు. ఆ అల్లుడు గెలికిన చోటు వేరు, చీమున్న చోటు వేరు.

నడిపించడమా, కట్టివేయడమా? నడిస్తే చీము దిగుతుందన్న మాట నిలబడదు. వరిగడ్డి పరచిన పొడి నేలమీద ఉంచి, మేత, నీళ్ళు ముందుకే అందించాలి. రాళ్ళ బాటన మేతకు తోలవద్దు.

వాతలు, నల్లజీడి, కిరసనాయిలు? ఇక్కడ మాత్రం రెండు పక్షాలు లేవు. చీము గిట్టలో ఉంటే కీలుమీద కాల్చడం వల్ల పశువుకు రెండో పుండు వస్తుంది గాని మొదటిది పోదు. ఆ సభ్యురాలి బర్రెకు ఆ వాతల పుండ్లు మానడానికి గిట్టకంటె ఎక్కువ రోజులు పట్టింది.

మైలుతుత్తం? మంచిదే, కాని నివారణకు. 100 లీటర్ల నీళ్ళకు 5 కిలోలు కలిపి, శుభ్రంగా కడిగిన గిట్టలు మునిగేటట్లు నడిపిస్తే గిట్టకుళ్ళు తగ్గుతుంది. తెరచిన పచ్చి పుండు మీద చల్లితే కాలుస్తుంది. పశువులు తాగేచోట ఉంచరాదు, వాడిన నీళ్ళు చెరువులో, కాలువలో పారబోయరాదు. గొర్రెలకు రాగి విషం తొందరగా తగులుతుంది కనుక మరింత జాగ్రత్త. పాల క్యానులో, పాల బకెట్టులో ఎన్నడూ కలపవద్దు. రాగి అంటిన పాలు రుచి చెడిపోతాయి.

నొప్పి మందులు? నొప్పి తగ్గితే మేత తింటుంది కనుక డాక్టరు ఇవ్వవచ్చును. కాని దుకాణంలో దొరికినదల్లా పొడవవద్దు. చచ్చిన పశువును తిన్న రాబందులు చనిపోతున్నాయని డైక్లోఫినాక్‌ను పశువులకు వాడకుండా 2006లో మన దేశంలో నిషేధించారు. ఎసిక్లోఫినాక్, కీటోప్రొఫెన్ మందులను 2023లో నిషేధించారు. మనుషుల కోసం అమ్మే సీసాలు కూడా పశువులకు వాడరాదు. వాడదగిన వేరే మందు ఏదో డాక్టరు చెబుతాడు.

సలహాను తూచే అయిదు ప్రశ్నలు

సంఘంలో ఎవరైనా ఖర్చు వోచరు తెస్తే మనం ఊరకనే సంతకం పెట్టము. ఏ తేదీ, దేనికి, ఎవరి తీర్మానం అని అడుగుతాము. సలహాకు కూడా అట్లాగే అడగాలి. అడగడంలో అమర్యాద లేదు.

1. మీరు ఇది ఏ రోగమనుకుని చెబుతున్నారు? కాలు ఎత్తి చూశారా?
2. ఏ జంతువుకు చేసి చూశారు? గుర్రానికా, ఎద్దుకా, బర్రెకా?
3. ఇది ఏ దశకు? చీము పోకముందా, పోయిన తరువాతా?
4. ఇది పనిచేస్తే ఎన్ని రోజులలో, ఏ గుర్తుతో తెలుస్తుంది?
5. ఇది తప్పయితే ఏమి చెడుతుంది? మళ్ళీ సరిచేయవచ్చునా?

అయిదో ప్రశ్న అన్నిటికంటె ముఖ్యమైనది. పొడి నేలమీద ఉంచి, గిట్ట కడిగి, డాక్టరు కోసం ఎదురుచూస్తే తప్పయినా చెడేది ఏమీ లేదు. కోత, వాత, ఇంజక్షను – ఇవి తప్పయితే వెనుకకు తీసుకోలేము. సరిచేయగలిగినది ముందు, సరిచేయలేనిది డాక్టరు చేతనే. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే సగం సలహాలు వాటంతట అవే పక్కకు పోతాయి.

ఇంకొక మాట. ఒక వైద్యం మొదలుపెట్టిన తరువాత దానికి గడువు ఇవ్వాలి. రోజుకొకటి మారిస్తే ఏది పనిచేసిందో, ఏది చెరిచిందో ఎవరూ చెప్పలేరు. పాసు పుస్తకం వెనుక పేజీలోనే తేదీ, ఏ కాలు, ఏమి చేశారు, ఎవరు చేశారు, ఆ రోజు పాలు ఎన్ని అని రాసిపెట్టండి. డాక్టరు వచ్చినప్పుడు ఆ పేజీ చూపితే అతని సగం పని అయినట్లే. చీము సరిగా పోతే ఒకటి రెండు రోజులలోనే పశువు కాలు మోపుతుంది. మూడో రోజుకు కూడా తేడా లేకపోయినా, వాపు పైకి ఎక్కినా, మేత మానినా మళ్ళీ డాక్టరును పిలవాలి. మొదటి డాక్టరు, రెండో డాక్టరు వేరువేరుగా చెప్పినా కంగారు పడవద్దు. మొదటివారు ఏమి చూశారో, ఏమి ఇచ్చారో రెండోవారి ముందు దాచకుండా చెప్పండి.

మన రాష్ట్రంలో 2017లో 1962 నంబరుతో సంచార పశువైద్యశాలలు మొదలైనవి. నడవలేని పశువును లారీ ఎక్కించి హింసపెట్టేకంటె ముందు ఆ నంబరుకు ఫోను చేయడం మంచిది. పశువు, కాలు, ఎన్ని రోజులనుంచి, నోటిలో పుండ్లు ఉన్నవా లేవా – ఈ నాలుగు సంగతులు సిద్ధంగా ఉంచుకుని మాట్లాడండి.

పాల సంగతి – సంఘానికి సంబంధించినది

ఇంజక్షన్లు వేసిన ఆ మూడు రోజులు కూడా ఆ సభ్యురాలు పాలు సంఘంలోనే పోసింది. దుకాణం అతడు ఏమీ చెప్పలేదు, ఆమె అడగలేదు. ఆ రోజుల్లోనే మన క్యానులోనుంచి పాలు కొన్న ఒక హోటలు యజమాని పెరుగు తోడుకోలేదని వచ్చి గొడవ చేశాడు. దానికి ఈ పాలే కారణమని రుజువేమీ లేదు. కాని జరగడానికి వీలున్నది. పాలను పెరుగు చేసేవి కూడా సూక్ష్మజీవులే. యాంటీబయాటిక్ వాటినీ చంపుతుంది. కాచినంత మాత్రాన ఈ మందులు చాలావరకు పోవు. ఒక బర్రె పాలు క్యానులో, క్యాను ట్యాంకరులో కలుస్తాయి. తాగేది పట్నంలోని పసిపిల్లలు.

సంగతి బయటపడగానే పాలకవర్గంలో ఇద్దరు ఆమె సభ్యత్వం రద్దు చేయాలన్నారు. ఆమె మాట్లాడలేదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. నేను ఒక్కటే అడిగాను: ఇంజక్షను వేసిన పాలు పోయరాదని ఈ సంఘంలో ఎవరైనా ఎన్నడైనా సభ్యులకు చెప్పారా? తీర్మానాల పుస్తకంలో అటువంటి పేజీ ఉన్నదా? వెతికారు. లేదు. తనిఖీకి వచ్చిన నేను కూడా ఆ పేజీ ఎందుకు లేదని ఎన్నడూ రాయలేదు.

ఆ రోజు ఆ సంఘం చేసుకున్న తీర్మానం ఇతర సంఘాలకు కూడా పనికివస్తుందని ఇక్కడ ఇస్తున్నాను. మందు వేయించిన సభ్యుడు ఆ పూటనే కార్యదర్శికి చెప్పాలి. డాక్టరు చీటీలో, మందు డబ్బామీద చెప్పినన్ని రోజులు ఆ పశువు పాలు వేరుగా పితికి, సంఘంలో పోయరాదు. దూడకు తాగించవచ్చునా అన్నది కూడా డాక్టరునే అడగాలి. అట్లా ముందుగా చెప్పి ఆపిన రోజులను, ఉపనిబంధనల ప్రకారం ఏడాదిలో పాలు పోయవలసిన రోజుల లెక్కలో సభ్యునికి నష్టం లేకుండా పాలకవర్గం నమోదు చేస్తుంది. అప్పు కంతుకు ఆ పక్షం వాయిదా ఇవ్వమని బ్యాంకుకు సంఘం తరఫున ఉత్తరం రాస్తుంది.

నిజం చెప్పినవాడికి శిక్ష, దాచినవాడికి బిల్లు అయితే ఎవరు నిజం చెబుతారు? సహకార సంఘమంటే కష్టం వచ్చిన రోజున నిజం చెప్పుకోగలిగిన చోటు కావాలి.

ముందే జాగ్రత్త పడితే

గిట్టలు పెరిగి వంకరపోకుండా ఏడాదికి ఒకటి రెండు సార్లు తెలిసినవారిచేత చెక్కించాలి. గిట్ట నెలకు సుమారు 5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. రాతి బండలమీద అరిగేదానికంటె ఎక్కువ పెరిగితే బరువు ఒక పక్కకు పడి తెల్లని గీత విడుతుంది. కొట్టంలో నీరు నిలవకుండా వాలు పెట్టాలి. తొట్టి చుట్టూ బురద ఉంటే మొరం పోయాలి. ఇల్లు కడుతున్నచోట మేకులు, తీగ ముక్కలు ఏరివేయాలి. కంచెకు కొట్టిన తుమ్మకంపను బాటమీద వదలరాదు. పండుగకు మిగిలిన అన్నం, నూకలు ఒక్కసారిగా గంపలకొద్దీ పెట్టవద్దు. కడుపులో పులుపు పెరిగి, ఆ ప్రభావం గిట్టల దాకా వస్తుంది. లవణ మిశ్రమం రోజూ దాణాలో కలపండి. అందులోని జింకు గిట్ట గట్టిదనానికి అవసరం. అన్నిటికంటె చవకైన పని – సాయంత్రం పశువు ఇంటికి రాగానే కాళ్ళమీద రెండు చెంబుల నీళ్ళు పోసి ఒకసారి వంగి చూడడం.

చివరకు

పదకొండో రోజున డాక్టరు గిట్ట కడిగి చెక్కుతుంటే, వెలుపలి గిట్ట అడుగున చిన్న నల్ల చుక్క దగ్గర బూడిదరంగు చీము చిమ్మింది. వెంట అర అంగుళం తుమ్మముల్లు వచ్చింది. పదకొండు రోజుల బాధకు కారణం అంతే. లోపలి గిట్టకు చెక్క దిమ్మె అంటించి వెళ్ళాడు. మరునాటి ఉదయం బర్రె కాలు మోపింది. వారంలో మేతకు కదిలింది. పాలు 3 నుంచి 6 లీటర్ల దాకా వచ్చాయి గాని, ఆ ఈతలో మళ్ళీ 8 చూడలేదు. మొదటి రెండు రోజుల్లోనే చూపించి ఉంటే ఆ రెండు లీటర్లు నిలిచేవేమో.

ఆ పైనెలలో మళ్ళీ ఆ ఊరికి వెళ్ళినప్పుడు జట్కా పెద్దమనిషి సంఘం అరుగుమీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, "ఏం సారూ, నా కట్టు తప్పంటివంట గదా" అన్నాడు. "తప్పు కాదు తాతా, నీది గుర్రం, ఆమెది బర్రె" అన్నాను. ఆయన నవ్వి, "నిజమే, గుర్రానికి ఒకటే గిట్టనాయె" అన్నాడు. ఆ తరువాత ఆ ఊళ్ళో పశువు కుంటితే ముందు కాలు ఎత్తి చూడమని చెప్పేది ఆయనే. నేను మాత్రం కాపడం సలహా మానుకుని, 1962 నంబరును డైరీ మొదటి పేజీలో రాసుకున్నాను.

– ఒక సహకార ఇన్‌స్పెక్టరు